డాస్‌బాక్స్‌లో సీరియల్ పోర్ట్ మొరాయిస్తోందా? తప్పు ఎక్కడుందో వరుసగా పట్టుకుందాం

 

పాత గేమ్స్ ఆడుకోవడానికి డాస్‌బాక్స్ ఎలా వాడాలో మీలో చాలామందికి తెలుసు. ఈరోజు గేమ్స్ గురించి కాదు. డాస్‌బాక్స్ లోపల నడిచే పాత ప్రోగ్రామ్‌కి బయట ఉన్న నిజమైన మెషీన్‌ని సీరియల్ పోర్ట్ ద్వారా కలిపితే వచ్చే తలనొప్పుల గురించి మాట్లాడుకుందాం. డేటా రాకపోవడం, చెత్త అక్షరాలు రావడం, ఆలస్యంగా రావడం, కంప్యూటర్ ఫ్యాన్ బుర్రుమని తిరగడం. ఇవన్నీ వేరు వేరు సమస్యల్లా కనిపిస్తాయి. పద్ధతి తెలిస్తే ఒక్కొక్కటీ పది నిమిషాల్లో తేలిపోతుంది.

"ఇంకా డాస్ ఎవరు వాడుతున్నారు బ్రో?" అని మీరు అడగొచ్చు. చాలామందే వాడుతున్నారు. లేత్ మెషీన్ షాపులు, ల్యాబ్‌లు, లారీ కాటాలు. మెషీన్ పాతిక ముప్పై ఏళ్ళు పనిచేస్తుంది, దాని పక్కనున్న కంప్యూటర్ మాత్రం ముందే పోతుంది. కొత్త కంప్యూటర్ కొంటే అందులో 64 బిట్ విండోస్ వస్తుంది. 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ డాస్ ప్రోగ్రామ్‌లు నేరుగా నడవవు. అందుకే ఎమ్యులేటర్ కావాలి.

మన సబ్‌స్క్రైబర్ ఒకతను ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టాడు. వాళ్ళ నాన్నగారికి రైస్ మిల్లు దగ్గర లారీ కాటా ఉంది. పాత కంప్యూటర్ చచ్చిపోతే, కొత్త ల్యాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ వేసి, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌తో కాటా ఇండికేటర్‌ని కలిపాడు. బరువు వస్తోంది. కానీ ఇండికేటర్ మీద అంకె మారిన మూడు నాలుగు సెకన్ల తర్వాత స్క్రీన్ మీద మారుతోంది. "అన్నా, కాస్త స్లోగా ఉంది, అంతే. వదిలెయ్యొచ్చా?" అని అడిగాడు.

వదిలెయ్యకూడదు తమ్ముడూ. ఎందుకో ఆలోచించండి. ధాన్యం సీజన్‌లో లారీల వెనక లారీలు. ఒక లారీ దిగుతుంది, ఇంకోటి ఎక్కుతుంది. స్క్రీన్ మీద పాత బరువు ఉండగానే ఎంటర్ కొడితే టికెట్ మీద తప్పు అంకె ప్రింట్ అవుతుంది. ఒక్క క్వింటా తేడా వచ్చినా రైతుకి 2000 రూపాయల పైమాటే. అది ఎవరి జేబులోంచి పోతుంది? అందుకే "స్లో" అనే మాటని తేలిగ్గా తీసుకోవద్దు. సరే, పనిలోకి దిగుదాం.

మొదట ఒక బొమ్మ మనసులో పెట్టుకోండి. మెషీన్ నుంచి ప్రోగ్రామ్ దాకా డేటా ఐదు చోట్ల ప్రయాణం చేస్తుంది. ఒకటి మెషీన్, రెండు వైరు, మూడు యూఎస్‌బీ కన్వర్టర్, దాని డ్రైవర్, నాలుగు డాస్‌బాక్స్, ఐదు డాస్ ప్రోగ్రామ్. చాలామంది నేరుగా డాస్‌బాక్స్ సెట్టింగ్స్ మీద పడిపోతారు. అలా చెయ్యకండి. బయటి నుంచి లోపలికి రండి. ఒక మెట్టు గట్టిదని తేలాకే తర్వాతి మెట్టు ఎక్కండి.

వైరు, కన్వర్టర్

తొమ్మిది పిన్నుల కనెక్టర్ చూశారు కదా. కంప్యూటర్ వైపు దాంట్లో 2వ పిన్ డేటా తీసుకునేది, 3వ పిన్ పంపేది, 5వ పిన్ గ్రౌండ్. మెషీన్‌ని పీకేసి, కన్వర్టర్‌లో 2, 3 పిన్నులని చిన్న వైరు ముక్కతో కలపండి. ఇప్పుడు విండోస్‌లో పుట్టీ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి, ఆ పోర్ట్ ఎంచుకుని, ఫ్లో కంట్రోల్ ఆపేసి, ఏదో ఒక అక్షరం టైప్ చెయ్యండి. మీరు కొట్టిన అక్షరం తిరిగొచ్చి స్క్రీన్ మీద కనిపిస్తే కన్వర్టర్, డ్రైవర్ రెండూ బాగున్నట్టే. కనిపించకపోతే డాస్‌బాక్స్‌ని తిట్టి లాభం లేదు.

ఈ టెస్ట్ పాసైనా మెషీన్ నుంచి ఏమీ రావట్లేదంటే వైరు చూడండి. రెండు వైపులా "పంపే" పిన్నులే ఒకదానికొకటి తగులుతుంటే ఇద్దరూ మాట్లాడుతున్నారు, ఎవరూ వినట్లేదు అన్నమాట. అప్పుడు 2, 3 అడ్డంగా మారిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది గట్టిగా వినండి. ఆర్డినో, ఈఎస్‌పీ బోర్డులతో ఆడుకునేవాళ్ళ దగ్గర చిన్న యూఎస్‌బీ సీరియల్ బోర్డులు ఉంటాయి. అవి 3.3 లేదా 5 వోల్టుల మీద పనిచేస్తాయి. పాత మెషీన్‌ల ఆర్‌ఎస్ 232 పోర్ట్‌లో మైనస్ 15 నుంచి ప్లస్ 15 వోల్టుల దాకా రావచ్చు. రెండింటినీ నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది. ఆర్‌ఎస్ 232 అని రాసి ఉన్న కన్వర్టరే కొనండి.

విండోస్

డివైజ్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ కింద చూడండి. కామ్3, కామ్7, ఏదో ఒక నంబర్ ఉంటుంది. రాసి పెట్టుకోండి. కొన్ని చవక కన్వర్టర్లలో ప్రత్యేకమైన సీరియల్ నంబర్ ఉండదు. వాటిని నిన్న ఒక యూఎస్‌బీ రంధ్రంలో, ఈరోజు ఇంకో రంధ్రంలో పెడితే విండోస్ వాటిని కొత్త పరికరం అనుకుని కొత్త కామ్ నంబర్ ఇచ్చేస్తుంది. "నిన్న పనిచేసింది, ఈరోజు చెయ్యట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. ఆ రంధ్రం పక్కన చిన్న స్టిక్కర్ అంటించండి, గొడవ వదిలిపోతుంది.

"పొద్దున పనిచేస్తుంది, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఆగిపోతుంది" అంటే అది వేరే సంగతి. కరెంటు పొదుపు కోసం విండోస్ యూఎస్‌బీని నిద్రపుచ్చుతోంది. డివైజ్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఉన్న టిక్ తీసెయ్యండి.

ఇప్పుడు మెషీన్‌ని తగిలించి, టెర్మినల్‌లోనే డేటా చూడండి. చెత్త అక్షరాలు వస్తున్నాయంటే ఒక రకంగా అది మంచి వార్త! వైరు బాగానే ఉంది, బాడ్ రేట్ లేదా పారిటీ కలవలేదు, అంతే. మెషీన్ 2400తో మాట్లాడుతుంటే మీరు 9600తో వింటున్నారన్నమాట. మెషీన్ మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టండి. మాన్యువల్ లేకపోతే 1200, 2400, 4800, 9600, 19200 వరుసగా ప్రయత్నించండి. ఎక్కడో ఒకచోట శుభ్రమైన అంకెలు కనిపిస్తాయి.

లైనక్స్ వాడేవాళ్ళు ఉంటే, మీకు పోర్ట్ పేరు టీటీవై యూఎస్‌బీ సున్నా అని ఉంటుంది. పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తే, ఉబుంటు, డెబియన్‌లలో మీ యూజర్‌ని డయలౌట్ అనే గ్రూప్‌లో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి.

డాస్‌బాక్స్ సెట్టింగ్

విండోస్‌లో స్టార్ట్ మెనూలో డాస్‌బాక్స్ ఆప్షన్స్ అని ఉంటుంది. అది నొక్కితే కాన్ఫిగ్ ఫైల్ తెరుచుకుంటుంది. కిందకి వస్తే సీరియల్ అనే విభాగం కనిపిస్తుంది. మామూలుగా సీరియల్1, సీరియల్2 రెండూ డమ్మీ అని ఉంటాయి. డమ్మీ అంటే పేరుకి పోర్ట్ ఉంటుంది, దాని వెనక ఎవరూ ఉండరు. ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వదు, డేటా కూడా రాదు. చాలామంది గంటలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

దాన్ని ఇలా మార్చాలి: సీరియల్1=డైరెక్ట్‌సీరియల్ రియల్‌పోర్ట్:కామ్7. వీడియోలో స్క్రీన్ మీద చూపిస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. ఎడమ వైపు "సీరియల్1" అంటే లోపల డాస్ ప్రోగ్రామ్‌కి కనిపించే కామ్1. కుడివైపు కామ్7 అంటే బయట విండోస్‌లో ఉన్న అసలు పోర్ట్. ఈ రెండు నంబర్లూ ఒకటే కానక్కర్లేదు. పాత ప్రోగ్రామ్‌లు చాలావరకు కామ్1 నుంచి కామ్4 దాకానే చూడగలవు. అందుకని విండోస్‌లో ఏ నంబర్ వచ్చినా, లోపల కామ్1గా చూపించేస్తే సరిపోతుంది.

ప్రోగ్రామ్‌లో పోర్ట్ అడ్రస్, ఐఆర్‌క్యూ అడిగితే కామ్1కి 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4. కామ్2కి 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3. ఇవి పీసీలలో మొదటి నుంచీ వస్తున్న అంకెలు.

ఫైల్ సేవ్ చేసి డాస్‌బాక్స్ మళ్ళీ తెరవండి. దాంతో పాటు ఇంకో నల్లటి విండో వస్తుంది కదా, అందరూ అడ్డంగా ఉందని మినిమైజ్ చేసేది. అదే మన డాక్టర్ రిపోర్ట్. పోర్ట్ తెరుచుకోకపోతే ఆ సంగతి అందులో రాసి ఉంటుంది. అలాంటి పోర్ట్ లేదు అంటే నంబర్ తప్పు. పోర్ట్ వాడకంలో ఉంది అంటే, ఇందాక తెరిచిన టెర్మినల్‌ని మీరు ఇంకా మూయలేదు! విండోస్‌లో ఒక కామ్ పోర్ట్‌ని ఒకసారి ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు.

ఆలస్యం ఎక్కడి నుంచి వస్తోంది?

ఇప్పుడు మన కాటా తమ్ముడి సమస్యకి వద్దాం. అతనికి పైన చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి. టెర్మినల్‌లో చూస్తే బరువు వెంటనే మారుతోంది. డాస్‌బాక్స్‌లోనే ఆలస్యం. అంటే తప్పు నాలుగో మెట్టులో ఉంది. మెట్లు ఎక్కుతూ రావడం వల్ల లాభం చూశారా, సగం అనుమానాలు వాటంతటవే పోయాయి.

కాన్ఫిగ్ ఫైల్ ఫొటో పంపమన్నాను. అందులో సైకిల్స్ అనే చోట ఫిక్స్‌డ్ 300000 అని ఉంది. స్పీడ్‌గా ఉంటుందని ఎవరో చెబితే పెట్టాడట.

సైకిల్స్ అంటే ఏంటి? ఒక మిల్లీసెకనులో డాస్‌బాక్స్ ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడపాలో చెప్పే అంకె. బైక్ యాక్సిలరేటర్ లాంటిది అనుకుంటాం, కానీ కాదు. ఇది మనం పనివాడికి ఇచ్చే టార్గెట్. ఆ టార్గెట్‌ని మీ ల్యాప్‌టాప్ అందుకోలేకపోతే డాస్‌బాక్స్ లోపలి గడియారమే వెనకబడిపోతుంది. బయట ఒక సెకను గడిస్తే లోపల అర సెకనే గడుస్తుంది. గేమ్ అయితే సౌండ్ ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనకి తెలిసిపోతుంది. కాటా ప్రోగ్రామ్‌కి సౌండ్ లేదు కదా, తెలియదు.

ఇండికేటర్ మాత్రం నిజమైన గడియారం ప్రకారం డేటా పంపుతూనే ఉంటుంది. 9600 బాడ్‌లో ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు. అంటే సెకనుకి 960 అక్షరాలు. లోపలి వాడు సెకనుకి 500 తీసుకుంటే మిగతావి విండోస్ బఫర్‌లో పేరుకుంటాయి. అలా దాదాపు 4000 అక్షరాలు పేరుకున్నాయంటే, ప్రోగ్రామ్ చదువుతున్నది కనీసం నాలుగు సెకన్ల కిందటి బరువు! అతను చూసిన ఆలస్యం సరిగ్గా ఇదే.

మందు ఏంటంటే, స్పీడ్ పెంచడం కాదు, తగ్గించడం. సైకిల్స్‌ని ఫిక్స్‌డ్ 10000 దగ్గర పెట్టమన్నాను. కంట్రోల్ ఎఫ్11 కొడితే సైకిల్స్ తగ్గుతాయి, కంట్రోల్ ఎఫ్12 కొడితే పెరుగుతాయి, విండో పైన టైటిల్‌లో అంకె కనిపిస్తుంది. నడుస్తుండగానే మార్చి చూడొచ్చు. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకోండి. నాలుగు కోర్లు ఉన్న కంప్యూటర్‌లో డాస్‌బాక్స్ 25 శాతం చూపిస్తోందంటే ఒక కోర్ మొత్తం తినేస్తోందని అర్థం. దానికి బాగా కిందనే ఉండాలి. అతను మార్చగానే ఆలస్యం పోయింది, ఫ్యాన్ గోల కూడా ఆగింది.

మరి ఎంత అంకె పెట్టాలి? అందరికీ ఒకటే అంకె ఉండదు. ప్రోగ్రామ్ మెనూలు తడబడకుండా కదలాలి, ఒక కోర్ నిండకూడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఓకే. సైకిల్స్‌ని మ్యాక్స్ అని మాత్రం పెట్టకండి. డాస్ ప్రోగ్రామ్ ఖాళీగా కీ కోసం ఎదురు చూస్తున్నా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, మీ ల్యాప్‌టాప్ ఊరికే వేడెక్కుతుంది.

ఇంకో సంగతి. టర్బో పాస్కల్‌లో రాసిన పాత ప్రోగ్రామ్‌లు మొదలవగానే "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని పడిపోతే భయపడకండి. ఫైల్ పాడవలేదు. ఆ ప్రోగ్రామ్ మొదట్లో కంప్యూటర్ ఎంత వేగంగా ఉందో కొలుచుకుంటుంది. మరీ వేగంగా ఉంటే లెక్క దాని పెట్టెలో పట్టదు, భాగహారం దగ్గర కూలిపోతుంది. దీనికీ మందు అదే, సైకిల్స్ తగ్గించండి.

విండో పక్కకి పెడితే ఆగిపోతే

బిల్లు కోసం ఎక్సెల్ తెరిచారు, డాస్‌బాక్స్ వెనక్కి వెళ్ళింది, డేటా తగ్గిపోయింది. కాన్ఫిగ్‌లో ప్రయారిటీ అనే లైన్ చూడండి. అందులో కామాతో రెండు మాటలు ఉంటాయి. మొదటిది విండో ముందున్నప్పుడు, రెండోది వెనక ఉన్నప్పుడు. రెండోది పాజ్ అని ఉంటే వెనక్కి వెళ్ళగానే డాస్‌బాక్స్ నిద్రపోతుంది. లోయర్ అని ఉన్నా ఇబ్బందే. నార్మల్ పెట్టండి.

అడిగి, జవాబు తీసుకునే మెషీన్లు

కొన్ని మెషీన్లు కాటాలా ఊరికే పంపవు. ప్రోగ్రామ్ ఒక ప్రశ్న అడగాలి, మెషీన్ జవాబు చెప్పాలి. ఇలాంటి చోట టైమౌట్ ఎర్రర్లు వస్తే కన్వర్టర్ మీద అనుమానపడండి. ఎఫ్‌టీడీఐ చిప్ కన్వర్టర్లలో లేటెన్సీ టైమర్ అని ఒకటి ఉంటుంది, మామూలుగా 16 మిల్లీసెకన్లు. అంటే కొంచెం డేటా వచ్చినా వెంటనే ఇవ్వదు, బస్సు నిండుతుందేమో అని 16 మిల్లీసెకన్లు ఆగి అప్పుడు పంపుతుంది. వెయ్యి ప్రశ్నలు అడిగితే దాదాపు 16 సెకన్లు వృథా. డివైజ్ మేనేజర్‌లో ఆ పోర్ట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి దాన్ని 1 చెయ్యండి. తేడా మీకే తెలుస్తుంది.

మధ్యమధ్యలో అక్షరాలు మాయమవుతుంటే డాస్‌బాక్స్ లైన్ చివర ఆర్ఎక్స్‌డిలే:500 అని చేర్చి చూడండి. ప్రోగ్రామ్ బిజీగా ఉండి అక్షరం తీసుకోకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పే అంకె ఇది.  ముందు సైకిల్స్ సరిచేశాకే దీన్ని ముట్టుకోండి.

ఫోన్‌లో అవుతుందా?

కామెంట్స్‌లో ఎక్కువమంది అడిగేది ఇదే. ఆండ్రాయిడ్‌లో డాస్‌బాక్స్ యాప్‌లు ఉన్నాయి, డాస్ ప్రోగ్రామ్ నడుస్తుంది. కానీ ఓటీజీతో కన్వర్టర్ తగిలిస్తే, రూట్ చెయ్యని ఫోన్‌లో ఆ పోర్ట్ డాస్‌బాక్స్‌కి మామూలు సీరియల్ పోర్ట్‌లా కనిపించదు.

దారి లేదా అంటే, ఉంది. డాస్‌బాక్స్‌లో నల్‌మోడెమ్ అనే రకం ఉంది. ఇది వైరుకి బదులు నెట్‌వర్క్ వాడుతుంది. మెషీన్ దగ్గర ఒక చిన్న లైనక్స్ కంప్యూటర్ పెట్టి, అందులో సెర్2నెట్ అనే ప్రోగ్రామ్ వేస్తే సీరియల్ డేటా వైఫైలోకి వస్తుంది. డాస్‌బాక్స్‌లో సీరియల్1=నల్‌మోడెమ్ సర్వర్:ఆ కంప్యూటర్ ఐపీ, పోర్ట్:దాని నంబర్, ట్రాన్స్‌పరెంట్:1 అని ఇవ్వాలి. ట్రాన్స్‌పరెంట్ మర్చిపోతే డాస్‌బాక్స్ అవతల కూడా ఇంకో డాస్‌బాక్స్ ఉందనుకుని డేటా మధ్యలో తన సొంత సంకేతాలు కలుపుతుంది. బాడ్ రేట్ మాత్రం సెర్2నెట్ వైపే పెట్టాలి. ఇది ప్రాక్టీస్‌కి, చూసుకోవడానికి బాగుంటుంది. వైఫై ఆగితే డేటా ఆగుతుంది కాబట్టి డబ్బు లెక్కలు తేలే చోట వాడకండి.

నమ్మే ముందు

డాస్‌బాక్స్‌ని తయారు చేసింది గేమ్స్ కోసం. వ్యాపారం నడపడానికి అని వాళ్ళెప్పుడూ చెప్పలేదు. అందుకని సెట్ అయిపోయింది కదా అని వదిలెయ్యకండి. మూడు పనులు చెయ్యండి. ఒకటి, ఇండికేటర్ మీద అంకె, స్క్రీన్ మీద అంకె, టికెట్ మీద అంకె, మూడూ ఒకటేనా అని ఖాళీ కాటాతో, సగం లోడుతో, పూర్తి లోడుతో చూడండి. తూనికలు కొలతల శాఖ వాళ్ళు ముద్ర వేసేది కాటాకి, మీ ల్యాప్‌టాప్‌కి కాదు. తేడా వస్తే ఇండికేటర్ మాటే నమ్మాలి. రెండు, టికెట్ మీద తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో చూడండి. మూడు, డేటా ఫోల్డర్‌ని రోజూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. కాపీ చేసే ముందు ప్రోగ్రామ్ మూసెయ్యండి.

మెట్లన్నీ ఎక్కినా ఇంకా డేటా పోతుంటే మొండిపట్టు పట్టకండి. సీరియల్ పోర్ట్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, నేరుగా డాస్ వేసుకోవడం మేలు. ఎమ్యులేటర్‌తోనే చెయ్యాలని రూల్ ఏం లేదు కదా.

ఒక్కముక్కలో చెప్పాలంటే, బయటి నుంచి లోపలికి రండి, ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిదీ కాగితం మీద రాయండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

మీ దగ్గర ఏ మెషీన్ ఉంది, ఏ మెట్టు దగ్గర ఆగారు, కామెంట్‌లో రాయండి. ఆ నల్ల విండో ఫొటో కూడా ఉంటే చెప్పడం తేలికవుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో డాస్ ప్రోగ్రామ్ నుంచి ఈ కాలం యూఎస్‌బీ ప్రింటర్‌కి ప్రింట్ ఎలా తియ్యాలో చూద్దాం. వీడియో నచ్చితే లైక్ కొట్టండి, ఇలాంటి పాత మెషీన్‌తో కుస్తీ పడుతున్న వాళ్ళెవరైనా తెలిస్తే వాళ్ళకి పంపండి. ఉంటాను మరి, బై.